ఎనభై ఎనిమిది మోచేతులు

సరిత గురించి చెప్పాలంటే ముందు నా కోపం గురించి చెప్పాలి. పాల్వంచ బజారులో నావీ ఆమెవీ పక్కపక్క షట్టర్లు. నేను జాకెట్లు కుడతాను, ఆమె కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. మధ్య గోడ నడుము ఎత్తే. ఆ గోడ మీదుగా నేను ఆమెను తిట్టని రోజు లేదు. వేళకు అన్నం తినదని, ఎండలో నెత్తికి గుడ్డ కట్టుకోదని, ఎవరైనా తుప్పుపట్టిన మిషను మోసుకొచ్చి అవుతుందా అని అడిగితే చూద్దాం అనకుండా అవుతుందని చెప్పేస్తుందని. ఎంత తిట్టినా తల ఎత్తదు. జవాబివ్వని మనిషిని తిట్టడంలో రుచి లేదు, అయినా నేను మానలేదు.

నన్ను నాంచారమ్మ అంటారు. మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసి పోయాడు. సరిత తండ్రి కాశయ్యా ఆయనా ఒకే షిఫ్టు. బాయిలో కాలు నలిగాక కాశయ్య మిషన్ల పని నేర్చుకుని ఈ షాపు పెట్టాడు. సరిత బడి వదలగానే నేరుగా షాపుకే వచ్చేది. పదో తరగతి అయ్యాక ఇంట్లో కూర్చోమంటే కూర్చోలేదు. పెళ్లిచూపులకు వచ్చిన నాగరాజుతో, షాపు మాత్రం మూయనని ముందే చెప్పేసింది. ఆ పిల్లాడు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్, నెమ్మదస్తుడు, సరేనన్నాడు. కాశయ్య పోయాక కూడా జనం వచ్చి లోపల మగమనిషి లేడా అని అడిగేవాళ్లు. ఆమె మాట్లాడకుండా మిషను కోసం చెయ్యి చాపేది. అడిగినవాణ్ణి నేను గోడ ఇవతల నుంచి కడిగేసేదాన్ని. అలా పని పంచుకున్నాం.

ఈ పనిలో కాశయ్య నేర్పిన మొదటి పాఠం కిరసనాయిలు. ఏ మిషను వచ్చినా ముందు విప్పి, కిరసనాయిలుతో కడిగి, రాత్రంతా నానబెట్టాల్సిందే. పాత నూనె జిగురు కరుగుతుంది, తుప్పు వదులుతుంది, పట్టేసిన మర తిరుగుతుంది. రేషన్ కిరసనాయిలు ఆగిపోయినా సరిత ఎక్కడో ఒకచోట సంపాదించేది. మా వైపు మెకానిక్కులెవరినైనా అడగండి, కడగకుండా పని మొదలుపెట్టేవాడు పనివాడే కాదంటారు. నేనూ అదే అంటాను. అంటే, అనేదాన్ని.

మొన్నటి చలికాలం చివర్లో ఒక ముసలాయన వచ్చాడు. పేరు దూలయ్య. జూలూరుపాడు నుంచి లోపలికి, పత్తిచేలు దాటి అడవి మొదలయ్యేచోట ఉన్న కోయగూడెం ఆయనది. చెప్పులు గుమ్మం బయటే వదిలి వచ్చి, చర్చిలో పియానో ఉందని, కొన్ని మెట్లు పలకడం లేదని చెప్పాడు. నేను పకపకా నవ్వాను. మేము హార్మోనియం తెలిసినవాళ్లమే కానీ పియానో అంటే సినిమాల్లో చూడటమే. సరిత నవ్వలేదు. ఎన్ని మెట్లు అని మాత్రం అడిగింది. ఏడు అన్నాడాయన. ఆదివారం వస్తానంది. ఏం పని, ఎలాంటి పని అని ఒక్క ముక్క అడగలేదు. ఆమె అలా ఎగేసుకుని పోతే నేను చూస్తూ ఊరుకోలేను కాబట్టి ఆదివారం నేనూ బస్సెక్కాను.

చర్చి చిన్నది, రేకుల కప్పు. పియానో ఒక మూలన, దుప్పటి కప్పుకుని ఉంది. ఒకప్పుడు ఆ ఊళ్లో దవాఖానా నడిపిన తెల్ల డాక్టరమ్మ తెప్పించుకుందట. గోదావరి మీద లాంచీలో భద్రాచలం దాకా, అక్కడి నుంచి ఎడ్లబండి మీద వచ్చిందట. దూలయ్య అప్పుడు హాస్టల్లో ఉండే పిల్లాడు. డాక్టరమ్మ నేర్పింది. ఆమె తన దేశం వెళ్లిపోయింది, దవాఖానా మూతపడింది, హాస్టలు పోయింది. పియానో మిగిలింది, దూలయ్య మిగిలాడు. అప్పటి నుంచి రోజూ తెల్లారి చేనికి పోయేముందు చర్చి తలుపు తీసి ఒక కీర్తన వాయించి వెళ్తాడు. వినేవాళ్లుంటే ఉంటారు, లేకపోతే లేదు. శృతి తప్పితే డాక్టరమ్మ వదిలిపెట్టిన తాళంచెవి లాంటి పానాతో తనే తంతులు బిగించుకుంటాడు.

సరిత ముందువైపు కింది చెక్క విప్పి, నేల మీద పడుకుని టార్చి వేసి చూసింది. ఆమె చూసి నాకు చెప్పింది మీకు చెప్తాను. అది పొట్టిరకం పియానో. ఎత్తు తగ్గించడానికి సుత్తుల సరంజామానంతా మెట్లకంటే కిందికి దించి పెట్టారు. మెట్టు నొక్కితే దాని వెనక కొస లేస్తుంది. ఆ కొసకు ఒక ఇనుప తీగ వేలాడుతుంది. తీగ అడుగున ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, వంచిన మోచేయిలాగా, వేలి కణుపంత. తీగ పైకి లేస్తే ఆ మోచేయి లేచి సుత్తిని తంతి మీదికి తోస్తుంది. మెట్టుకొకటి, మొత్తం ఎనభై ఎనిమిది. తెచ్చినప్పుడు తెల్లగా ఉండేవేమో, ఇప్పుడు బెల్లంరంగుకు తిరిగాయి. ఏడు విరిగి ఉన్నాయి. ఆ ఏడూ చేసి పెడితే చాలు. అంతే పని.

దూలయ్య ముందు కొంచెం జంకాడు కానీ, సరంజామా మొత్తం పాల్వంచకు తీసుకెళ్తేనే బాగా చేయగలనని సరిత అంది. నా దగ్గరున్న కుట్టుదారాలతో తీగలన్నీ కదలకుండా కట్టేశాం. ట్రాలీ ఆటోలో పరుపు వేసి, దాని మీద సరంజామా పెట్టి, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చాం. షాపులో దించగానే ఆమె ఏం చేసిందో మీరు ఊహించే ఉంటారు. దానిమీద ఏళ్ల దుమ్ము, బూజు, జిగురు. బ్రష్షు తీసుకుని వరస వరసంతా కిరసనాయిలు పట్టించి, పాత చీర కప్పి, షట్టరు దించి ఇంటికి పోయింది.

పొద్దున షట్టరు లేచిన చప్పుడు విన్నాను. తర్వాత ఏ చప్పుడూ లేదు. గోడ మీంచి తొంగి చూస్తే సరిత చీర కొస పట్టుకుని నిలబడి ఉంది. ఒక్క మోచేయి కూడా మిగల్లేదు. సన్నటి బీటలు దిగి, తీగ కదిలిస్తే చాలు కలకండ పలుకుల్లా రాలుతున్నాయి. బాగున్న ఎనభై ఒకటీ పోయాయి. పాత ప్లాస్టిక్‌కు కిరసనాయిలు విషమని మాకేం తెలుసు. మా చేతికి వచ్చేవన్నీ ఇనుపవి.

నాగరాజు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. అవి ఎప్పుడో పోయేవేనని, దింపుతుంటే విరిగాయని చెబితే సరిపోతుందని, ముసలాయనకు ఏం తెలుస్తుందని అన్నాడు. అందులో అబద్ధం సగమే, మిగతా సగం నిజమే. అప్పటికే వాటికి కాలం తీరింది. సరిత చేతులు కడుక్కుంది. తొమ్మిది గంటల బస్సుకు వెళ్లి చెప్పి వస్తానంది. నేను కత్తెర పక్కన పడేసి చెప్పులేసుకున్నాను.

దూలయ్య చేని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. సరిత ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కిరసనాయిలు పోసింది తనేనని, విరగ్గొట్టింది తనేనని. ఆయన అన్నీనా అని అడిగాడు. అన్నీ అంది. ఆయన చేను వైపు తిరిగాడు. తిడతాడేమో, తిట్టాలి కూడా అనుకున్నాను.

"రోజు పొద్దుగాల ఒకసారి వాయించేటోణ్ణి బిడ్డా," అన్నాడు. "రేపు పొద్దుగాల ఏం జెయ్యాలె నేను?"

కోపం లేదు, నిష్ఠూరం లేదు. నిజంగానే తెలియక అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. తిరిగి బస్సులో వస్తూ ఆమె ఒకే మాట అంది.

"ఎనభై ఎనిమిది నేనే జేస్త పెద్దమ్మా. ఎన్ని రోజులు పట్టనీ."

మొండిఘటం అంటే ఇదే అనుకున్నాను.

కొత్త ముక్కలు కొనలేరా అంటారు. హైదరాబాదులో పియానోలు అమ్మే ఒకాయనకు ఫోన్ చేసింది. ఆ రకం పియానో బాగుచేయడం దండగ, ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. ఏదో దేశంలో ఆ ముక్కలు అమ్ముతారని నాగరాజు ఫోనులో చూపించాడు. తెప్పించే దారి మాకు తెలియలేదు, తెలిసినవాళ్లు పట్టించుకోలేదు. ఇక చేసుకోవడమే.

విషయం తెలిశాక దూలయ్యే వెదురు తెచ్చాడు. ఊరికే కొట్టింది కాదు. వెన్నెల రోజుల్లో కొట్టిన వెదురుకు పురుగు పడుతుందని మా వైపు అందరికీ తెలుసు. అందుకని ముందే అమావాస్య దగ్గర కొట్టి, వాగులో నానేసి, నీడలో ఆరబెట్టి పెట్టుకున్నదాన్ని తెచ్చాడు. బోలుగా ఉండే రకం కాదు, లోపల గట్టిగా ఉండే రకం. సరిత ఆ వేసవంతా వెదురుతో కుస్తీ పట్టింది. పాల్వంచ వేసవి మీకు తెలియకపోతే చెప్పి ప్రయోజనం లేదు. ఫ్యాను వేస్తే చిన్న ముక్కలు ఎగిరిపోతాయని ఫ్యాను కట్టేసేది. ఇటు నేను చెమటకు తడిసి, ఆమెనూ వెదురునూ కలిపి తిట్టేదాన్ని. దూలయ్య వారానికోసారి సంతకు వచ్చి షాపు బెంచీ మీద కూర్చునేవాడు. ఎంతవరకు వచ్చిందని అడిగేవాడు కాదు. కాసేపు చూసి లేచి వెళ్లేవాడు. ఆ మౌనం కంటే నాలుగు తిట్లు నయం.

మే నెల చివర్లో సరంజామాను చర్చికి తిరిగి తీసుకెళ్లి వెదురు మోచేతులు బిగించాం. దూలయ్య కూర్చుని వాయించాడు. పలికింది! అన్నీ పలికాయి. ఆయన మళ్లీ మళ్లీ ఒకే కీర్తన వాయించాడు. చర్చి బయట మేకలు కాసేవాళ్లు కూడా లోపలికి వచ్చారు. సరిత మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

వర్షాలు పడ్డాయి. మా అడవి అంచున వాన మొదలైతే గుడ్డలు ఆరవు, ఉప్పు నీరవుతుంది. ఎండల్లో చెక్కి, సందు లేకుండా బిగించిన వెదురు నీళ్లు పీల్చి ఉబ్బింది. ఒక మెట్టు నొక్కితే లేవదు, ఇంకోటి నొక్కితే దిగదు. కొద్ది రోజుల్లో మొత్తం బిగుసుకుపోయింది. ఎండిన రోజుల కొలతను వాన రోజులకు నమ్ముకోవడం ఇంకో తప్పు. జాకెట్టు గుడ్డ ముందు తడిపి ఆరబెట్టి, అప్పుడు కత్తిరించాలని నేను నలభై ఏళ్లుగా చెప్తూనే ఉన్నాను. ఆ ముక్క నాకూ అప్పుడు తట్టలేదు.

అదే వానకు చర్చి కప్పు కారింది. అక్కడి సంఘానికి సెక్రటరీ దేవసహాయం సారు, రిటైరైన టీచరు, పద్ధతి గల మనిషి. పద్ధతి మరీ ఎక్కువైన మనిషి అని నా అభిప్రాయం. కమిటీ కూర్చుంది. కప్పు మార్చాలి, పియానో పనికిరాకుండా పడి ఉంది, కోత పండుగనాడు వేలంలో దాన్ని కూడా పెట్టేద్దాం, వచ్చినదాంతో రేకులు వేద్దాం అని తీర్మానం రాశారు. మా వైపు చర్చిల్లో పంట చేతికొచ్చాక కోత పండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు, తర్వాత వాటన్నిటినీ వేలం వేస్తారు. గుమ్మడికాయల మధ్య, కోళ్ల మధ్య దూలయ్య పియానో. కొత్తగూడెం నుంచి పాత ఇనుము కొనే ఆసామికి కబురు కూడా వెళ్లింది. తంతులూ లోపలి ఇనుప చట్రమూ వాడికి కావాలి, చెక్క పొయ్యిలోకి.

నేను వెళ్లి దేవసహాయంతో పోట్లాడాను. పిల్ల ఆరు నెలలుగా రక్తం ధారపోస్తోందని, నీకు కళ్లు లేవా అని అడిగాను. ఆయన ఓపికగా విన్నాడు. కప్పు కారుతుంటే పియానో బాగుపడినా తడిసిపోతుందమ్మా అన్నాడు. అది నిజమే కావడం వల్ల నాకు ఇంకా కోపం వచ్చింది.

సరిత దేవసహాయం మీద ఒక్క మాట అనలేదు. పండుగ నవంబరు చివర్లోనేనా అని మాత్రం అడిగింది. ప్లాస్టిక్ పైపు ముక్కలు ప్రయత్నించింది, అవి వంగిపోయాయి. అప్పుడు నాగరాజు ప్లాంటులో పాత స్విచ్ బోర్డుల వెనక వాడే హైలం షీటు గురించి చెప్పాడు. ఎర్రగా, మందంగా, గుడ్డనూ లక్కనూ కలిపి కాల్చినట్టుండే పలక. కరెంటు పారదు, నీళ్లు పీల్చదు, ఎండకు వంగదు. కాని కోయడం నరకం. రంపపు బ్లేడు రెండు ముక్కలకే మొద్దుబారిపోతుంది. ఆ పొడి చర్మానికి తగిలితే దురద, గొంతులో పడితే దగ్గు. నాగరాజు మేస్త్రీని అడిగి, పారేసిన బోర్డుల నుంచి పలకలు తెచ్చాడు. సరిత మూతికి గుడ్డ కట్టుకుని మొదలుపెట్టింది.

ఈసారి ముందు ఒక్కటే చేసింది. దాన్ని నీళ్లలో నానేసి చూసింది, మధ్యాహ్నం ఎండలో రేకు మీద పెట్టి చూసింది, నూనెలో ముంచి చూసింది. కిరసనాయిలులో కూడా. అది దేనికీ చలించకపోయాకే రెండోది కోసింది. రోజుకు మూడు అయ్యేవి, మంచి రోజున నాలుగు. పొద్దంతా మామూలు మిషన్ల పని, ఆ పని సందులో ఇది. వేళ్ల కొసలు చిట్లి, అన్నం కలుపుకోవడానికి చెంచా వాడేది. ఇక చాలించు అని తిట్టాను, బతిమాలాను, మా ఆయన ఫోటో మీద ఒట్టు పెట్టాను. ఉడుం పట్టు. తల ఎత్తితే కదా.

అక్టోబరులో పది మోచేతులు తీసుకెళ్లి బిగించి చూశాం. కదలిక బ్రహ్మాండంగా ఉంది. కాని ఇనుప తీగకూ హైలంకూ పడలేదు. మెట్టు నొక్కినప్పుడల్లా టక్కుమని చప్పుడు. కీర్తన వాయిస్తే పాటకంటే ఆ టకటకే పైన వినిపించింది. దూలయ్య చేతులు ఒళ్లో పెట్టేసుకున్నాడు. మధ్యలో మెత్తటి ఉన్ని బిళ్ల పడాలి, అసలైన ఉన్ని, గట్టిగా నేసింది. దారంలో ప్లాస్టిక్ కలిసినది అరిగిపోతుంది. బజారంతా తిరిగాం. ఈ కాలంలో అసలు ఉన్ని ఎక్కడ? సరిత ఒకరోజు గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. ఏంటి అన్నాను. పెదనాన్న మఫ్లరు అంది.

మా ఆయన చలికాలం రాత్రి షిఫ్టుకు కట్టుకునే మఫ్లరు. నా పెట్టెలో అడుగున ఉంటుంది. అడిగినందుకు సరితను కొట్టబోయాను. నా ఇంట్లో వస్తువు నీకెలా కనపడింది, నీ తాతగారి సొమ్మా అని అరిచాను. అరిచి షట్టరు వేసి ఇంటికి పోయాను. ఇంట్లో పెట్టె తీసి చూసుకుంటే, మఫ్లరు మడతల్లో పురుగు ఒకచోట అప్పటికే కొరికి ఉంది. ఇలా దాచి దాచి పురుగుకు పెడుతున్నానా అనిపించింది. మర్నాడు తెచ్చి నేనే బిళ్లలు కత్తిరించాను. నా కత్తెర ఇంకెవరికీ ఇవ్వను. చొక్కా గుండీ అంత బిళ్లలు, మధ్యలో తీగ దూరే బెజ్జం. మొదటి కోత కోసేటప్పుడు ఏడ్చాను. తర్వాత పని పనిలాగే సాగింది.

పండుగకు ముందురోజు మధ్యాహ్నం ఆఖరి మోచేయి బిగిసింది. దూలయ్య సాయంత్రం వరకు తంతులు బిగించుకున్నాడు. దేవసహాయం వచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నాడు. బాగుందమ్మా, చాలా బాగుంది అన్నాడు. మరి వేలం మాటేమిటని నేను అడిగాను. తీర్మానం ఒక్కణ్ణే ఎలా కొట్టేస్తానమ్మా, కప్పు మాట తీరాలి కదా అని వెళ్లిపోయాడు. చూశారా పద్ధతి.

పండుగ రోజు చర్చి కిటకిటలాడింది. బల్ల మీద గుమ్మడికాయలు, నువ్వుల సంచులు, అరటిగెలలు, తేనె సీసాలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. వెనక గోడకు ఆనుకుని కొత్తగూడెం ఆసామి. బయట అతని ట్రాలీ ఇంజను కట్టేసి ఉంది. దూలయ్య తెల్ల చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. నేనూ సరితా మా మతం కాకపోయినా ముందు వరసలోనే కూర్చున్నాం. పాట మొదలైంది. ఎన్ని నెలల తర్వాతో! రెండో చరణంలో నడిమి మెట్టు ఒకటి మూగబోయింది. తీగను మోచేతికి పట్టే బోల్టు ఒకటి వదులై జారిందంతే, కాని ఆ క్షణాన అది ఎవరికి తెలుసు. దూలయ్య ఆపలేదు. ఆ స్వరం వచ్చే చోట జనం గొంతు పెంచి పాడారు. ఒక్కరు చెప్పలేదు, ఒక్కరు సైగ చేయలేదు. సరిత అంతమందిలో చీర కుచ్చిళ్లు దోపుకుని దూలయ్య కాళ్ల పక్కన పియానో కిందికి దూరింది. నాలుగో చరణానికి ఆ మెట్టు పలికింది.

తర్వాత వేలం. ఈ వేలం సంగతి కొంచెం చెప్పాలి. ఇందులో డబ్బే పెట్టాలని లేదు. తట్టెడు వడ్లు పెట్టొచ్చు, మేకపిల్లను పెట్టొచ్చు, చర్చికి ఇన్ని పూటలు పని చేస్తానని పెట్టొచ్చు. గెలిచినవాళ్లు వస్తువు తీసుకుపోవచ్చు, లేదంటే దేవునికే మళ్లీ ఇస్తున్నా అని బల్ల మీదే వదిలేయొచ్చు. అలా వదిలితే అదే వస్తువు మళ్లీ వేలానికి వస్తుంది. ఒక ముసలి పుంజును ఆరోజు అలా నాలుగిళ్లవాళ్లు కొన్నారు.

చివరికి దేవసహాయం గొంతు సవరించుకుని పియానో పేరు చెప్పాడు. ఆసామి తన లెక్క తను చెప్పాడు. దేవసహాయం ఒకటోసారి అన్నాడు. రెండోసారి అనబోతుండగా కమ్లి అనే ఆమె లేచింది. పత్తి ఏరే కూలి, పక్క తండా మనిషి. తను దాచుకున్నదాంతో చర్చి కప్పుకు రెండు రేకులు వేయిస్తానంది. గెలిచింది. గెలిచి, దేవునికే మళ్లీ ఇస్తున్నానని కూర్చుంది. దేవసహాయానికి మళ్లీ వేలం వేయక తప్పలేదు. ఆసామి కొంచెం పెంచాడు. సీతయ్య అనే రైతు లేచి దూలాలకు టేకు తన పొలం గట్టు నుంచి ఇస్తానన్నాడు, గెలిచాడు, మళ్లీ ఇచ్చేశాడు. తర్వాత ఒకరు మేకులు, ఒకరు కూలీలకు భోజనాలు, ముగ్గురన్నదమ్ములు కలిసి వారం రోజుల పని. ప్రతివాళ్లూ కొనడం, ప్రతివాళ్లూ తిరిగి ఇచ్చేయడం. ఆసామి టవలు దులుపుకుని బయటికి పోయాడు. ట్రాలీ స్టార్టయిన చప్పుడు లోపలికి వినిపించింది. అప్పటికే చర్చికి పూర్తి కప్పు వచ్చేసింది. పియానో మాత్రం ఇంకా బల్ల పక్కనే, వేలంలోనే ఉంది. దేవసహాయం గొంతు బొంగురుపోయింది. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు.

సరిత లేచింది. బయటివాళ్లు పాడొచ్చా అని అడిగింది. పాడొచ్చన్నాడు.

"నా కాడ రేకుల్లేవు సారూ," అంది. "నేను బతికున్నన్నాళ్లు ఏటికోసారి వచ్చి దీన్ని చూసిపోత. విరిగింది విరిగినట్టే జేస్త. గదే నా పాట."

దేవసహాయం చుట్టూ చూశాడు. దీని మీద పెంచేవాళ్లెవరైనా ఉన్నారా అన్నాడు. ఎవరూ లేవలేదు. అరచేత్తో బల్ల మీద ఒకసారి, రెండోసారి, మూడోసారి కొట్టాడు. పియానో సరితది అయింది. ఇక అందరిలాగే ఆమె కూడా అనాల్సిన మాట ఒకటుంది కదా, ఆయన దాన్ని అందించాడు. దేవునికే మళ్లీ ఇస్తున్నావా బిడ్డా అని అడిగాడు.

"లేదు సారూ. దేవునికిస్తే వచ్చే ఏడు మీ కమిటీ మళ్ల వేలం బెడ్తది. దూలయ్య తాతకిస్తున్న. తాత ఉన్నన్ని రోజులు ఇది తాతది. గిక్కడ్నే ఉంటది."

చర్చి చర్చంతా నవ్వింది. దేవసహాయం సారు కూడా నవ్వాడు, పద్ధతి పోయినందుకు కొంచెం బాధగానే. దూలయ్య నవ్వలేదు. స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, అంతమంది ముందు, దాచుకోకుండా ఏడ్చాడు. సరిత వెళ్లి ఆయన పక్కన నిలబడింది, ఏం చేయాలో తెలియక. నేను మాత్రం అప్పుడు కూడా ఆమెను తిట్టాను, చీర కుచ్చిళ్లకు బూజు అంటుకుంది దులుపుకోమని.